ప్రయోగశాల దక్కని భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బూషే

అమెరికా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతి పౌరుడు ఎడ్వర్డ్ అలెగ్జాండర్ బూషే. 1876లో, 23 ఏళ్ల వయసులో, యేల్ విశ్వవిద్యాలయం ఆయనకు భౌతికశాస్త్రంలో ఆ పట్టా ఇచ్చింది. జాతిని పక్కన పెట్టి లెక్కించినా, ఆ దేశంలో భౌతికశాస్త్ర డాక్టరేట్ సాధించిన ఆరో వ్యక్తి ఆయనే. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు ఆయన పనిచేశారు. ఆ కాలంలో ఒక్క పరిశోధనా విశ్వవిద్యాలయంలోనూ ఆయనకు చోటు దొరకలేదు.

భౌతికశాస్త్రంలో, ముఖ్యంగా కణ భౌతికశాస్త్రంలో, నల్లజాతీయులు ఎందుకింత తక్కువగా ఉన్నారన్న చర్చ అమెరికాలో ఎప్పుడు మొదలైనా బూషే పేరు వస్తుంది. ఆయన కణ భౌతికశాస్త్రవేత్త కాదు. ఎలక్ట్రాన్‌ను కనుగొన్న 1897 నాటికి ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు. అయినా ఇటలీలోని ట్రియెస్టేలో ఆయన పేరిట ఒక సంస్థను నెలకొల్పింది మాత్రం కణ భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న వ్యక్తి, అదీ మన ఉపఖండానికి చెందినవారు. ఆ సంగతికి వచ్చేముందు బూషే పుట్టిన ఊరి గురించి కొంత చెప్పుకోవాలి.

కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ యేల్ విద్యాసంస్థ చుట్టూ పెరిగిన పట్టణం. 1831లో అక్కడ నల్లజాతి యువకుల కోసం ఒక కళాశాల పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. పట్టణ ప్రజల సభ దాన్ని తోసిపుచ్చింది. వ్యతిరేకంగా 700 ఓట్లు పడితే అనుకూలంగా పడినవి 4. ఆ రాష్ట్రంలో బానిసత్వం చట్టపరంగా పూర్తిగా రద్దయింది 1848లో. బూషే పుట్టింది 1852 సెప్టెంబర్ 15న. అంటే ఆ రెండింటి మధ్య దూరం నాలుగేళ్లే.

ఆయన తండ్రి విలియం బూషే 1824లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ నుంచి ఒక సంపన్న శ్వేతజాతి యువకుడి వెంట సేవకుడిగా న్యూ హేవెన్ వచ్చారు. తర్వాత యేల్‌లోనే చిన్న ఉద్యోగంలో కుదురుకున్నారు. టెంపుల్ స్ట్రీట్ చర్చిలో ఆయన డీకన్, అంటే సంఘ పెద్ద. తల్లి సుసాన్ కూలీ యేల్ విద్యార్థుల బట్టలు ఉతికేవారు. నలుగురు పిల్లల్లో ఎడ్వర్డ్ కడగొట్టువాడు, ఒక్కడే మగపిల్లవాడు. తండ్రి పనిచేసిన ప్రాంగణంలోకి, తల్లి బట్టలు ఉతికిన విద్యార్థుల మధ్యకు, కొడుకు విద్యార్థిగా వెళ్లిన కథ ఇది.

ఆ ప్రాంగణం పేరులో మన తీరపు ప్రస్తావన కూడా ఉంది. యేల్‌కు ఆ పేరు ఇచ్చిన ఎలిహు యేల్ 1687 నుంచి 1692 వరకు మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్. కోరమాండల్ తీరపు వ్యాపారంలో ఆయన గడించిన సంపద అపారం. ఆ కాలంలో మద్రాసు రేవు నుంచి బానిసల ఎగుమతి సాగినట్టు కంపెనీ రికార్డులే చెబుతాయి. 1718లో ఆయన కనెటికట్‌లోని కళాశాలకు తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజు మొదటి జార్జ్ చిత్రపటం పంపారు. సరుకు అమ్మితే సుమారు 562 పౌన్లు వచ్చాయి. కళాశాల ఆయన పేరు పెట్టుకుంది. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యేల్ 2024 ఫిబ్రవరిలో అధికారికంగా క్షమాపణ చెప్పింది.

బాలుడిగా బూషే చదివినది ఆర్టిసన్ స్ట్రీట్ పాఠశాల. నల్లజాతి పిల్లలను చేర్చుకునే బడులు ఆనాడు న్యూ హేవెన్‌లో మూడే ఉండేవి. ఆయన చదివిన బడిలో అన్ని తరగతులకూ కలిపి సారా విల్సన్ అనే ఒక్క ఉపాధ్యాయురాలు. అంతర్యుద్ధం ముగిశాక 1866లో ఆయన పట్టణ ఉన్నత పాఠశాలలో చేరారు. 1868లో హాప్కిన్స్ గ్రామర్ స్కూలుకు మారారు. యేల్‌కు విద్యార్థులను తయారుచేసే ఆ ప్రైవేటు పాఠశాలలో తరగతి మొత్తానికీ ప్రథముడిగా 1870లో బయటికి వచ్చి, అదే ఏడాది యేల్‌లో అడుగుపెట్టారు. 1874లో 124 మంది తరగతిలో ఆరో స్థానంలో పట్టభద్రులయ్యారు.

ఆయన యేల్‌లో చదువుతున్న రోజుల్లోనే, 1873లో, పుణెలో జోతీరావ్ ఫూలే తన గులాంగిరీ గ్రంథాన్ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశారు. ఆ నిర్మూలన తర్వాత ఏమి జరిగిందన్నది బూషే జీవితంలో కనిపిస్తుంది.

తొలి వ్యక్తి అన్న బిరుదుల విషయంలో ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. యేల్ కళాశాల నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు బూషేనని చాలాకాలం రాశారు. ఆయనకు 17 ఏళ్ల ముందే, 1857లో, రిచర్డ్ హెన్రీ గ్రీన్ ఆ పట్టా అందుకున్నట్టు 2014లో బయటపడింది. ఉత్తమ విద్యార్థులకు సభ్యత్వమిచ్చే ఫై బీటా కాపా సంఘంలోకి ప్రవేశించిన తొలి నల్లజాతీయుడు కూడా ఆయనేనని రాసేవారు. యేల్ శాఖ అప్పట్లో నిద్రాణంగా ఉండడంతో 1884లో గాని ఆయనకు సభ్యత్వం రాలేదు. ఈలోగా 1877లోనే వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వాషింగ్టన్ హెండర్సన్ ఎన్నికయ్యారు. డాక్టరేట్ రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు. పాట్రిక్ హీలీ 1865లోనే డాక్టరేట్ పొందారు గాని, అది బెల్జియంలోని లూవెన్‌లో.

డిగ్రీ పూర్తయ్యాక రెండేళ్లు పైచదువు కొనసాగించేందుకు బూషేకు ధనసాయం చేసినవారు ఆల్ఫ్రెడ్ కోప్. ఆయన ఫిలడెల్ఫియాకు చెందిన క్వేకర్ దాత. శాంతివాదానికీ, బానిసత్వ వ్యతిరేకతకూ పేరుపడ్డ క్రైస్తవ శాఖ క్వేకర్లది. వారే ఆ నగరంలో నల్లజాతి పిల్లల కోసం ఇన్‌స్టిట్యూట్ ఫర్ కలర్డ్ యూత్ అనే పాఠశాల నడిపేవారు. ఆ పేరును తెలుగులోకి తేవడం కష్టం. కలర్డ్ అన్నది ఆనాటి మర్యాదపదం, నేడు వాడరు. వర్ణం అని రాస్తే తెలుగులో రంగుతో పాటు చాతుర్వర్ణాలూ గుర్తుకొస్తాయి. అందుకే పేరును యథాతథంగా ఉంచుతున్నాం.

బూషే పరిశోధన అంశం వక్రీభవన గుణకాల కొలత. కాంతి గాలి నుంచి గాజులోకి వాలుగా ప్రవేశించినప్పుడు వేగం తగ్గుతుంది, దారి వంగుతుంది. ఎంత వంగుతుందో తెలిపే సంఖ్యే వక్రీభవన గుణకం. నీటికి అది 1.33, మామూలు గాజుకు 1.5కు అటూ ఇటూ. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ సైన్సు చదివినవారికి ఈ పని పరిచయమే. తెల్లకాగితంపై పట్టకం ఉంచి, గుండుసూదులు గుచ్చి, పతన కోణానికీ విచలన కోణానికీ రేఖాపటం గీసి, కనిష్ఠ విచలనం నుంచి గుణకాన్ని లెక్కగడతారు. ఈనాడు అది పరీక్ష మార్కుల కోసం చేసే ప్రయోగం. 1870లలో మాత్రం కాంతి స్వభావం ఏమిటన్న పెద్ద ప్రశ్నకు దారితీసే కొలత.

ఆ ప్రశ్న ఎంత సజీవమైనదో తెలియాలంటే మరో వ్యక్తిని పక్కన నిలబెట్టి చూడాలి. ఆల్బర్ట్ మైఖెల్సన్ పుట్టింది కూడా 1852లోనే, బూషేకు మూడు నెలల తర్వాత. ప్రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. ఆయనదీ కాంతిశాస్త్రమే. డాక్టరేట్ లేదు. నౌకాదళ అకాడమీలో చదివి, అక్కడే బోధిస్తూ 1879లో కాంతి వేగాన్ని కొలిచారు. యూరప్ ప్రయోగశాలల్లో రెండేళ్లు గడిపి వచ్చి క్లీవ్‌లాండ్‌లోని కేస్ కళాశాలలో ఆచార్యుడయ్యారు. 1885 ప్రాంతంలో ఆయన కాంతి వేగం ద్రవాల్లో ఎంత తగ్గుతుందో కొలిచారు. నీటి విషయంలో ఫలితం వక్రీభవన గుణకంతో సరిపోయింది. కార్బన్ డైసల్ఫైడ్ విషయంలో సరిపోలేదు. గుణకం సుమారు 1.64 ఉంటే, వేగాల నిష్పత్తి 1.76 వచ్చింది. ఒక్క తరంగం కదిలే వేగం వేరు, తరంగాల గుంపు కదిలే వేగం వేరు అన్న సూక్ష్మం ఆ తేడాలో దాగి ఉంది. దానిపై అంతర్జాతీయంగా సాగిన చర్చలో పాల్గొన్నవారిలో యేల్ ఆచార్యుడు జోసయా విల్లార్డ్ గిబ్స్ ఒకరు. బూషే చదివిన ప్రాంగణంలోనే గిబ్స్ 1871 నుంచి గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడు.

బూషే సిద్ధాంత వ్యాసం అంశం ఆ చర్చకు సరిగ్గా ఇరుగుపొరుగు. ఆ సమయంలో బూషే ఫిలడెల్ఫియాలో పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తున్నారు. మైఖెల్సన్ 1887లో మోర్లీతో కలిసి చేసిన ప్రయోగంతో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 1907లో నోబెల్ బహుమతి అందుకున్నారు, సైన్సులో ఆ గౌరవం దక్కిన తొలి అమెరికన్ ఆయనే. ఇద్దరి ప్రతిభనూ తూచే తక్కెడ మన దగ్గర లేదు, బూషే మరో మైఖెల్సన్ అయ్యేవారని చెప్పడం అతిశయోక్తి. ఒకరికి పరికరాలు, సహచరులు, సెలవు, నిధులు దొరికాయి. రెండోవారికి డాక్టరేట్ ఉండీ దొరకలేదు. చెప్పగలిగింది అంతవరకే.

ఫిలడెల్ఫియా పాఠశాలను మాత్రం చిన్నచూపు చూడరాదు. కోప్ అక్కడ సైన్సు బోధనకు 40,000 డాలర్ల నిధి సమకూర్చారు. బూషేను పిలిపించింది ఆ కార్యక్రమం కోసమే. ప్రధానోపాధ్యాయురాలు ఫానీ జాక్సన్ కాపిన్ బానిసగా పుట్టి, విడుదలై, ఓబర్లిన్ కళాశాలలో చదివిన విదుషీమణి. గ్రీకు, లాటిన్, గణితం, సైన్సు నల్లజాతి పిల్లలకు ఎందుకు అన్న ప్రశ్నకు ఆ బడి ఫలితాలే ఆమె జవాబు. అదే బడిలో పాఠాలు చెప్పిన ఆక్టేవియస్ కాటోను 1871 అక్టోబర్‌లో, ఎన్నికల రోజున, నగర వీధిలో కాల్చి చంపారు. నల్లజాతీయుల ఓటు హక్కు కోసం పోరాడడమే ఆయన చేసిన నేరం. బూషే ఆ ఊరు వచ్చింది ఆ హత్య జరిగిన ఐదేళ్లకు.

అక్కడ ఆయన 26 ఏళ్లు పనిచేశారు. నగర ప్రజల కోసం సైన్సు ఉపన్యాసాలు ఇచ్చారు. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ అనే విజ్ఞాన సంఘంలో సభ్యుడయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పరిశోధన పత్రాలు ప్రచురించే వసతీ తీరికా ఆ ఉద్యోగంలో లేవు.

శతాబ్దం మలుపు తిరిగేసరికి దేశం గాలి మారింది. 1896లో సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో జాతుల వేర్పాటును రాజ్యాంగబద్ధమని తీర్పు చెప్పింది. నల్లజాతీయులకు చేతివృత్తులు నేర్పితే చాలు, ఉన్నత విద్య తర్వాతి మాట అన్న బుకర్ టి. వాషింగ్టన్ వాదన శ్వేతజాతి దాతలను బాగా ఆకట్టుకుంది. ఆయన చిత్తశుద్ధిని ఇక్కడ శంకించనక్కరలేదు. కానీ ఆ వాదనకు డబ్బున్నవారి చేతుల్లో పట్టిన రూపం వేరు. 1902లో ఫిలడెల్ఫియా పాఠశాల యాజమాన్యం శాస్త్రీయ విద్యను పక్కకు నెట్టి వృత్తివిద్య వైపు మళ్లింది. ఆ ఏడే కాపిన్ పదవీ విరమణ చేశారు. ఉపాధ్యాయులందరి ఉద్యోగాలూ పోయాయి, బూషేదీ అంతే. అప్పుడాయనకు 50 ఏళ్లు. ఆ మరుసటి ఏడాది డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ తన ప్రసిద్ధ గ్రంథం ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్‌లో వాషింగ్టన్ మార్గాన్ని నేరుగా ఎదుర్కొన్నారు. ఆ వాదప్రతివాదాల గ్రంథాలు నేటికీ చదువుతున్నాం. అందులో ఉద్యోగం పోగొట్టుకున్న సైన్సు మాస్టారి సంగతి అంతగా ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి జీవితం ఊరూరా సాగింది. సెయింట్ లూయీలోని సమ్నర్ ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పారు. అదే నగరంలో ఒక ఆసుపత్రికి వ్యాపార నిర్వాహకుడిగా పనిచేశారు. 1904 నాటి ప్రపంచ ప్రదర్శనలో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నారు. వర్జీనియాలోని లారెన్స్‌విల్‌లో ఒక శిక్షణ పాఠశాలకు విద్యా విభాగాధిపతి అయ్యారు. 1908లో ఒహాయోలోని గాలిపోలిస్‌లో లింకన్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యారు. 1913లో టెక్సాస్‌లోని బిషప్ కళాశాలలో చేరారు. రక్తనాళాలు గట్టిపడే జబ్బుతో 1916లో విరమించుకుని న్యూ హేవెన్‌కు తిరిగి వచ్చారు. 1918 అక్టోబర్ 28న, బాల్యం గడిచిన ఇంట్లోనే కన్నుమూశారు. ఎవర్‌గ్రీన్ శ్మశానంలో ఖననం చేశారు. సమాధిపై రాయి లేదు.

అదే 1918లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఎల్మర్ ఐమ్స్‌కు భౌతికశాస్త్రంలో డాక్టరేట్ ఇచ్చింది. ఆ పట్టా పొందిన రెండో నల్లజాతి అమెరికన్ ఆయన. మొదటివారికీ రెండోవారికీ మధ్య 42 ఏళ్లు. హైడ్రోజన్ క్లోరైడ్ వంటి రెండేసి పరమాణువుల వాయువులు పరారుణ కాంతిని ఎలా శోషిస్తాయో ఐమ్స్ అంతకుముందెన్నడూ లేనంత నిశితంగా కొలిచారు. తిరిగే పరమాణు జంటల శక్తి కూడా మెట్లుమెట్లుగానే ఉంటుందని, క్వాంటం సిద్ధాంతం ఎలక్ట్రాన్లకే పరిమితం కాదని ఆ కొలతలు చూపాయి. ఐమ్స్‌కు ప్రయోగశాల దొరికింది గనుక ఆ ఫలితం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అయినా ఆయన కూడా పరిశ్రమల్లో దశాబ్దం పైగా గడిపి, చివరికి నల్లజాతీయుల కోసం ఏర్పడిన ఫిస్క్ విశ్వవిద్యాలయంలోనే స్థిరపడ్డారు.

కణ భౌతికశాస్త్రం వరకు రావడానికి ఇంకా సమయం పట్టింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో షర్లీ ఆన్ జాక్సన్ సైద్ధాంతిక కణ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నది 1973లో. ఆ సంస్థ నుంచి డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె. బూషే పట్టాకూ ఆమె పట్టాకూ మధ్య 97 ఏళ్లు. భౌతికశాస్త్ర నోబెల్ ఇప్పటివరకు ఒక్క నల్లజాతి శాస్త్రవేత్తకూ రాలేదు.

బూషే కొలిచిన రాశి మాత్రం కణ భౌతికశాస్త్రంలో నిత్యం వాడుకలో ఉంది. శూన్యంలో కాంతిని మించిన వేగం దేనికీ లేదు. నీటిలో కాంతి వేగం నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది గనుక, అక్కడ ఒక ఎలక్ట్రాన్ కాంతిని దాటిపోగలదు. అప్పుడు నీలి వెలుగు శంఖువు ఆకారంలో వెలువడుతుంది. 1934లో సోవియట్ శాస్త్రవేత్త చెరెంకోవ్ గుర్తించిన వెలుగు ఇది. ఆ శంఖువు ఎంత విప్పారుతుందో నిర్ణయించేవి కణపు వేగం, నీటి వక్రీభవన గుణకం. జపాన్‌లో భూగర్భాన 50,000 టన్నుల నీటితో నిండిన సూపర్ కమియోకాండే తొట్టి న్యూట్రినోల జాడను ఇలాగే పట్టుకుంటుంది.

ఇక ట్రియెస్టే సంగతి. అవిభక్త పంజాబ్‌లోని ఝంగ్‌లో పెరిగిన అబ్దుస్ సలాం విద్యుదయస్కాంత బలాన్నీ, కేంద్రకాల క్షయానికి కారణమైన బలహీన బలాన్నీ ఒకే సూత్రం కిందికి తెచ్చినందుకు 1979లో గ్లాషో, వైన్‌బర్గ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. పేద దేశపు శాస్త్రవేత్త సొంతగడ్డపై ఒంటరివాడైపోయి పరిశోధన మానుకుంటాడన్నది ఆయనకు స్వానుభవం. లాహోర్‌లో ఆయనకు ఎదురైనది అదే. అందుకే 1964లో ట్రియెస్టేలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించారు. 1988లో, ఆఫ్రికా శాస్త్రవేత్తలనూ నల్లజాతి అమెరికన్ భౌతికశాస్త్రవేత్తలనూ ఒకచోట చేర్చేందుకు ఆ కేంద్రం అనుబంధంగా ఏర్పడిన సంస్థకు పెట్టిన పేరు బూషేది. న్యూ హేవెన్‌లో పేరులేని సమాధిలో ఉన్న మనిషి పేరు ఇటలీలో ఒక సంస్థకు దక్కింది. తగిన పేరే. చదువు ఉండీ సహచరులు, సాధనాలు లేక ఆగిపోయిన జీవితానికి అంతకన్నా నిదర్శనం దొరకదు.

సలాం విషయంలోనూ స్వదేశం ఉదారంగా లేదు. ఆయన అహ్మదీ. 1974లో పాకిస్థాన్ రాజ్యాంగ సవరణతో అహ్మదీలను ముస్లిమేతరులుగా ప్రకటించాక, ప్రభుత్వ సలహాదారు పదవి వదిలి దేశం బయటే ఎక్కువకాలం గడిపారు. 1996లో మరణించాక రబ్వాలో ఖననం చేస్తే, తొలి ముస్లిం నోబెల్ గ్రహీత అని చెక్కిన సమాధి రాతిపై ముస్లిం అన్న మాటను అధికారులు చెరిపించారు.

1998లో ట్రియెస్టే సంస్థకు సలాం పేరు కూడా చేర్చి ఎడ్వర్డ్ బూషే అబ్దుస్ సలాం సంస్థగా మార్చారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ 1994 నుంచి బూషే పేరిట ఒక పురస్కారం ఇస్తోంది. భౌతికశాస్త్రంలో అల్పసంఖ్యాక వర్గాలకు చెందిన విశిష్ట పరిశోధకులకు అది దక్కుతుంది, గ్రహీతలు విద్యాసంస్థలకు వెళ్లి ఉపన్యాసాలు ఇస్తారు. యేల్, హోవర్డ్ విశ్వవిద్యాలయాలు 2005లో ఆయన పేరిట పరిశోధక విద్యార్థుల గౌరవ సంఘాన్ని ప్రారంభించాయి. ఎవర్‌గ్రీన్ శ్మశానంలో బూషే సమాధిపై యేల్ ఒక రాయి నిలిపింది కూడా 1998లోనే, ఆయన పోయిన 80 ఏళ్లకు.